కారు పేరుతో వెతికితే దొరకని పుస్తకం

ఫోన్ తీసి ‘అంబాసిడర్ ఇంజిన్ ట్యూనింగ్ మాన్యువల్’ అని ఒకసారి కొట్టి చూడండి. కోల్‌కతా పసుపు ట్యాక్సీల ఫొటోలు వస్తాయి. ఎర్రబుగ్గ కార్ల కథలు వస్తాయి. 2014 మేలో ఉత్తరపారా ఫ్యాక్టరీలో తయారీ ఆగిపోయిందనీ, 2017లో ఆ పేరుని ప్యూజో కంపెనీ 80 కోట్లకి కొనుక్కుందనీ పాత వార్తలు వస్తాయి. బొమ్మ కార్లు అమ్మే యాడ్ కూడా వస్తుంది. పుస్తకం మాత్రం రాదు.

పుస్తకం లేక కాదు. అది అంబాసిడర్ పేరు మీద లేదు, అంతే. ప్రింట్ ఆగిపోయిన పుస్తకాల వేటలో సగం పని ఇదే. మనం ఏ పేరుతో పిలుస్తున్నామో, ప్రపంచం దాన్ని ఏ పేరుతో దాచిందో కనిపెట్టడం.

ఒకటే ఇంజిన్, నాలుగు పేర్లు

అంబాసిడర్ అంటే అచ్చంగా మన కారే అనిపిస్తుంది. కానీ దాని ఒళ్లు ఇంగ్లండ్‌లో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ది. 1959 ప్రాంతం నుంచి దాని గుండె కూడా అక్కడిదే. దాన్ని బీఎంసీ బీ-సిరీస్ ఇంజిన్ అంటారు. 1489 సీసీ, నాలుగు సిలిండర్లు, బోర్ 73 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 88.9 మిల్లీమీటర్లు. 1990ల మొదట్లో ఇసుజు 1.8 ఇంజిన్ వచ్చేదాకా మన పెట్రోల్ అంబాసిడర్లని లాగింది ఇదే.

ఈ ఇంజిన్‌నే 1955లో ఎంజీఏ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారులో పెట్టారు. రెండు ఎస్‌యూ కార్బురేటర్లు బిగించి, కంప్రెషన్ పెంచి మొదట 68, తర్వాత 72 హార్స్‌పవర్ దాకా తీశారు. పెళ్లి బృందాన్ని మొత్తం ఎక్కించుకుని ఊళ్లు తిరిగిన మన అంబాసిడర్‌లో అదే దిమ్మ 50 చిల్లర ఇచ్చేది. 1962లో బోర్ పెంచి 1798 సీసీ చేసి ఎంజీబీలో పెట్టారు. మన కాంటెస్సా కూడా మొదట్లో ఈ 1489 ఇంజిన్‌తోనే వచ్చింది.

ఇప్పుడు ఆలోచించండి. ఈ ఇంజిన్‌ని ఎలా ట్యూన్ చేయాలో తెలుసుకుందామని పుస్తకం కొనేది ఎవరు? ట్యాక్సీ డ్రైవర్ కాదు, మంత్రిగారు అసలే కాదు. వారాంతంలో రేసులకి వెళ్లే ఇంగ్లండ్ కుర్రాళ్లు. వాళ్ల చేతిలో ఉన్నది ఎంజీ. అందుకే పుస్తకాలు కూడా ఎంజీ పేరుతోనే వచ్చాయి. ఎంజీ కార్లు తయారైన ఆబింగ్డన్‌లో బీఎంసీకి ‘స్పెషల్ ట్యూనింగ్’ అని ఏకంగా ఒక విభాగమే ఉండేది. సిలిండర్ హెడ్డు ఎలా నున్నగా చేయాలి, ఏ క్యామ్‌షాఫ్ట్ వేయాలి, దానికి తగ్గట్టు కార్బురేటర్‌లో ఏం మార్చాలి అని స్టేజీల వారీగా చెప్పే చిన్న పుస్తకాలు వేసేవాళ్లు. వాటి మీద అంబాసిడర్ అనే మాట ఎక్కడా కనపడదు. లోపల ఉన్నది మాత్రం అంబాసిడర్ ఇంజిన్‌కి అన్న వరసయ్యే ఇంజినే.

నాకెందుకు ఈ గొడవ

నేను హైదరాబాద్‌లో కోడ్ రాసుకునే మనిషిని. బీటెక్ ఫస్టియర్ వర్క్‌షాప్‌లో ఇనప ముక్కని ఆకురాయితో అరగదీయడం వరకే ఇంజినీరింగ్‌లో ఇనుముతో నా పరిచయం. తెనాలిలో మా పెదనాన్న దగ్గర 1985 మోడల్ అంబాసిడర్ మార్క్ 4 ఉంది. 15 ఏళ్లు దాటిన సొంత కారుకి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలని మీకు తెలిసే ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో ఆ ఫీజు 600 నుంచి 5 వేలకి పెరిగింది. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకి 10 వేలైంది. ఆ డబ్బు సంగతి పెదనాన్న ఎలాగో సర్దుకున్నారు. సర్దుకోలేకపోయింది పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర. ఇంత పాత పెట్రోల్ కారైనా సరే, ఐడిలింగ్‌లో పొగలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాటకూడదు. మీటరు 5 దగ్గర నిలబడింది.

ఊళ్లో ఒక గ్యారేజీకి తీసుకెళ్లారు. పికప్ లేదని చెబితే అక్కడి కుర్రాడు కార్బురేటర్ స్క్రూ కాస్త తిప్పాడు. తర్వాత ఇంకాస్త తిప్పాడు. పికప్ రాలేదు, పొగ పెరిగింది. ‘తూకానికి ఇచ్చేయండి సార్, దీనికింక పెట్టుబడి దండగ’ అన్నాడు. ఆ మాట విన్నాక పెదనాన్న రెండు రోజులు సరిగా అన్నం తినలేదని పెద్దమ్మ నాకు ఫోన్ చేసింది.

ఆ కారుని ఇరవై ఏళ్లకి పైగా చూసిన మేస్త్రిగారు విజయవాడ ఆటోనగర్‌లో ఉంటారు. షెడ్డు కొడుక్కి అప్పజెప్పారు. కొడుకు కొత్త కార్లకి స్కానర్ పెట్టి చూస్తాడు, అంబాసిడర్ ముట్టుకోడు. మేస్త్రిగారు ట్యాపెట్లు చెవితోనే సెట్ చేసేవారు. స్క్రూడ్రైవర్ మొన రాకర్ కవర్ మీద, పిడి చెవి దగ్గర. గేజ్ పెట్టకుండానే ఏ వాల్వ్ బిగువుగా ఉందో చెప్పేసేవారు. ఇప్పుడు ఆయనకి 74. వినికిడి బాగా తగ్గిపోయింది.

“చెవి పనిచేసినన్నాళ్లూ పుస్తకంతో పని పడలేదు బాబూ. ఇప్పుడు అంకెలు కావాలి. ఎక్కడుందో చూసి తీసుకురా, నేను చేస్తాను” అన్నారు.

కారుతో వచ్చిన హ్యాండ్‌బుక్‌ని పెదనాన్న ఇంట్లో చెదలు ఎప్పుడో తినేశాయి. రెన్యువల్‌కి మూడు నెలలు టైముంది. వేట అలా మొదలైంది.

రెండు రకాల ట్యూనింగ్

వెతకడం మొదలుపెట్టే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. మన మెకానిక్ ‘ట్యూనింగ్ చేశాను సార్’ అంటే ఇంజిన్‌ని కంపెనీ చెప్పిన కొలతలకి తిరిగి తెచ్చాడని అర్థం. ట్యాపెట్ గ్యాప్, పాయింట్ల గ్యాప్, టైమింగ్, కార్బురేటర్. ఇంగ్లండ్ పుస్తకాల అట్టమీద ‘ట్యూనింగ్’ అని ఉంటే ఎక్కువసార్లు దాని అర్థం వేరు. కంపెనీ ఇచ్చిన దానికన్నా ఎక్కువ శక్తి రాబట్టడం. మొదటిదానికి వర్క్‌షాప్ మాన్యువల్ కావాలి. రెండోదానికి ట్యూనింగ్ మాన్యువల్ కావాలి.

మాకు కావలసింది మొదటిదే కదా, మరి ట్యూనింగ్ మాన్యువల్ ఎందుకు? ఎందుకంటే వర్క్‌షాప్ మాన్యువల్ ‘ఇంత పెట్టు’ అని చెప్పి ఊరుకుంటుంది. ఎందుకు అంతే పెట్టాలో, పరిస్థితి మారితే ఎటువైపు జరపాలో ట్యూనింగ్ మాన్యువల్ చెబుతుంది. మన బంకుల్లో పెట్రోలే మారిపోయింది కాబట్టి మాకు ఆ ‘ఎందుకు’ కూడా కావాలి. మా భాషలో చెప్పాలంటే ఒకటి కాన్ఫిగ్ ఫైల్, ఇంకొకటి దాన్ని రాసినవాడి డిజైన్ నోట్స్.

వేటలో పనికొచ్చిన సంగతులు

మొదటిది, నంబరు. ఇవాళ పుస్తకం అంటే ఐఎస్‌బీఎన్ కొట్టి వెతుకుతాం. ఆ పద్ధతి 1960ల చివర్లో, 70ల్లో గానీ స్థిరపడలేదు. అంతకుముందు పుస్తకాలకి ఆ నంబరే లేదు. కంపెనీ మాన్యువళ్లకి వాటి సొంత నంబర్లు ఉంటాయి. బీఎంసీ వాటి నంబరు ఏకేడీ అనే మూడక్షరాలతో మొదలవుతుంది. ఉదాహరణకి ఏకేడీ 3259 అంటే ఎంజీబీ వర్క్‌షాప్ మాన్యువల్. పాత పుస్తకాలు అమ్మే విదేశీ షాపుల లిస్టుల్లో కారు పేరు తప్పుగా ఉండొచ్చు, ఫొటో లేకపోవచ్చు. అట్టమీది నంబరు మాత్రం సాధారణంగా ఉన్నదున్నట్టు టైప్ చేస్తారు.

రెండోది, రీప్రింట్. అసలు పుస్తకం ఆగిపోయినా హక్కులు తీసుకుని తిరిగి వేసే పబ్లిషర్లు ఉన్నారు. బ్రూక్‌లాండ్స్ బుక్స్ అనే బ్రిటిష్ సంస్థ పాత ఫ్యాక్టరీ మాన్యువళ్లని ఎన్నింటినో అలా మళ్లీ వేసింది. కలెక్టర్లు ఒరిజినల్ కోసం ఎగబడి రేటు పెంచుతారు. బండి నడపాల్సినవాడికి రీప్రింట్ చాలు. లోపల అంకెలు అవే.

మూడోది, పీడీఎఫ్. ‘పెన్‌డ్రైవ్‌లో వెయ్యి మాన్యువళ్లు’ అని అమ్మేవాళ్లు బోలెడంతమంది కనిపిస్తారు. ప్రింట్‌లో లేదంటే హక్కులు పోయాయని కాదు. మన చట్టంలో రచయిత చనిపోయాక కూడా 60 ఏళ్లు హక్కు ఉంటుంది. ఆ సంగతి అలా ఉంచినా, గ్రీజు మరకలున్న పేజీని ఎవరో స్కాన్ చేస్తే అందులో 0.015 ఉందో 0.019 ఉందో ఎవరు చెప్పాలి? నవల్లో అక్షరం చెరిగితే ఊహించుకోవచ్చు. ట్యాపెట్ గ్యాప్‌ని ఊహించుకుంటే వాల్వ్ కాలిపోతుంది.

నాలుగోది, పుస్తకాలు ఎందుకు ఆగిపోతాయో తెలిస్తే ఎక్కడ దొరుకుతాయో తెలుస్తుంది. హేన్స్ మాన్యువళ్ల పేరు వినే ఉంటారు. జాన్ హేన్స్ అనే ఆయన 1960లో పెట్టిన కంపెనీ. 1966లో ఆస్టిన్-హీలీ స్ప్రైట్ మీద మొదటి వర్క్‌షాప్ మాన్యువల్ వచ్చింది. కారుని నట్టు నట్టూ విప్పి, మళ్లీ బిగించి, ప్రతి మెట్టుకీ ఫొటో తీసి పుస్తకం వేయడం వాళ్ల పద్ధతి. అలాంటి కంపెనీయే 2020 డిసెంబర్‌లో కొత్త కార్లకి వర్క్‌షాప్ మాన్యువళ్లు ఇక ప్రింట్ చేయమని ప్రకటించింది. కార్లు రోడ్డు మీద ఉన్నన్నాళ్లే పుస్తకం అమ్ముడవుతుంది. కార్లు తుక్కుకి వెళ్లాక పుస్తకం రద్దీ కాగితాల షాపుకి వెళ్తుంది. అంటే మనం వెతకాల్సింది కొత్త పుస్తకాల షాపుల్లో కాదు, మూసేసిన గ్యారేజీల అటకలు ఎక్కడ ఖాళీ అవుతున్నాయో అక్కడ.

ఆబిడ్స్‌లో దొరికింది, సగం

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్, కోఠి సెకండ్ హ్యాండ్ షాపులు, విజయవాడ వెళ్లినప్పుడు లెనిన్ సెంటర్. ఈ మూడూ తిరిగాను. కోఠిలో ‘ఆటోమొబైల్’ అంటే డిప్లొమా టెక్స్ట్‌బుక్కులు చూపిస్తారు. ఆబిడ్స్‌లో మూడో ఆదివారం, అట్ట లేని లావుపాటి పుస్తకం ఒకటి ఇంటీరియర్ డిజైన్ మ్యాగజైన్ల కింద కనిపించింది. లోపల సిలిండర్ హెడ్డు బొమ్మ, దాని కింద మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అని ఉంది. 300 అడిగాడు, 250కి ఇచ్చాడు.

ఇంటికొచ్చి చూస్తే మొదటి పన్నెండు పేజీలు లేవు. ‘జనరల్ డేటా’ ఉండేది అక్కడే. గ్యాపులు, టైమింగ్, బిగించాల్సిన బలం, అన్నీ ఆ పేజీల్లోనే. ఆలోచిస్తే ఆశ్చర్యమేమీ లేదు. సీటు కింద స్ప్రింగు బొమ్మ ఉన్న పేజీని ఎవరూ ముట్టుకోరు, అది కొత్తగా ఉంటుంది. రోజూ తెరిచే పేజీ ముందు నలుపెక్కుతుంది, తర్వాత ఊడుతుంది, చివరికి ఎవరో దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లిపోతారు. పాత మాన్యువల్ కొనేటప్పుడు పేజీలు లెక్కపెట్టమని చెప్పేది ఇందుకే. మనకి కావలసిన పేజీ అందరికీ కావలసిన పేజీయే.

మా పిన్ని కూతురు కోవెంట్రీలో ఎమ్మెస్సీ చేస్తోంది. ఇంగ్లండ్‌లో పాత కార్ల సామాన్లు, పుస్తకాలు అమ్మే సంతలు జరుగుతాయి. ఆటోజంబుల్ అంటారు. బతిమాలితే ఒక ఆదివారం ఫ్రెండ్స్‌తో వెళ్లింది. అక్కడి నుంచి వీడియో కాల్.

“అన్నయ్యా, ఇక్కడ ఒక తాతగారు ఎంజీ కావాలా, మోరిస్ కావాలా అని అడుగుతున్నారు. ఏం చెప్పను?”

“మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. 1489 సీసీ. మొదటి పేజీల్లో జనరల్ డేటా ఉందో లేదో చూడు.”

“ఉంది. ఈ కారు ఎక్కడుందంటున్నారు.”

“తెనాలిలో అని చెప్పు.”

అవతల ఆయనకి తెనాలి ఏం తెలుస్తుంది. కానీ ఇండియాలో ఈ ఇంజిన్ ఇంకా తిరుగుతోందని విని రేటు తగ్గించి 8 పౌండ్లకి ఇచ్చారట. పోస్టేజీ పుస్తకం కన్నా ఎక్కువయ్యేలా ఉంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు తెస్తానని, ఈలోపు మాకు కావలసిన రెండు పేజీల ఫొటోలు పంపింది. ఎంజీ స్పెషల్ ట్యూనింగ్ పుస్తకం రీప్రింట్ నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. అలా రెండూ చేతికొచ్చాయి.

ఆనాటి అంకెలు, ఈనాటి పెట్రోలు

పుస్తకం దొరకడంతో పనైపోలేదు. పనిలో కష్టమైన భాగం అక్కడే మొదలైంది.

ముందు, రెండు పుస్తకాల అంకెలు కలపకూడదు. ఎంజీఏ 1500కి ట్యాపెట్ గ్యాప్ 0.017 అంగుళం, ఎంజీబీకి 0.015. ఒకే కుటుంబంలో కూడా సన్నటి వెంట్రుకంత తేడా. ఎంజీఏ కంప్రెషన్ 8.3, మన అంబాసిడర్‌ది 7.2. ఆ పుస్తకంలోని టైమింగ్ తెచ్చి దీనికి పెడితే అది వేరే ఇంజిన్ టైమింగ్ పెట్టినట్టే. ఎంజీ పుస్తకంలో ఎస్‌యూ కార్బురేటర్ మీద ఉన్న పేజీలన్నీ మాకు చదువుకోవడానికే, ఎందుకంటే పెదనాన్న కారుకి ఉన్నది సోలెక్స్. ఎంజీ పుస్తకం నుంచి తీసుకోవాల్సింది ఆలోచన. అంకె తీసుకోవాల్సింది మోరిస్ పుస్తకం నుంచి.

తర్వాత పెట్రోలు. ఈ పుస్తకాలు రాసిన రోజుల్లో పెట్రోల్‌లో సీసం కలిపేవారు. అది వాల్వ్ కూర్చునే సీటు మీద సన్నటి పొరలా పేరుకుని అరుగుదల ఆపేది. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి అంతటా సీసం లేని పెట్రోలే. గాలికి అది మేలు. పాత హెడ్డుకి మాత్రం రక్షణ పోయింది. గట్టి సీట్లు వేయించని హెడ్డులో ఎగ్జాస్ట్ వాల్వ్ కొద్దికొద్దిగా లోపలికి దిగుతుంది. అది దిగేకొద్దీ ట్యాపెట్ గ్యాప్ తగ్గుతుంది. గ్యాప్ పూర్తిగా పోతే వాల్వ్ మూసుకోదు, కాలిపోతుంది. అందుకని పుస్తకం చెప్పిన గడువు కన్నా ముందే గ్యాప్ చూసుకోవాలి.

ఇప్పుడు ఇథనాల్. కిలో పెట్రోల్ పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 కిలోలు చాలు. 20 శాతం కలిపిన ఈ20కి సుమారు 13.5. కొత్త కార్లలో సెన్సార్ ఆ తేడా పసిగట్టి పెట్రోల్ పెంచుతుంది. కార్బురేటర్‌కి ఆ తెలివి లేదు, పాత లెక్కలోనే పోస్తుంది. కాబట్టి మిశ్రమం పలచన అవుతుంది. పలచనైతే పికప్ తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. పైగా ఇథనాల్ పాత రబ్బరు గొట్టాల్ని ఉబ్బిస్తుంది, చాలాకాలం నిలిపి ఉంచిన బండిలో నీటిని లాక్కుంటుంది.

ఇవేవీ ఆ పుస్తకాల్లో లేవు. రాసినవాళ్లకి తెలిసే అవకాశమూ లేదు. కానీ పలచనైతే ఏమవుతుందో, ఏ గుర్తుల్ని బట్టి కనిపెట్టాలో, దేన్ని ఎటు జరపాలో వాటిలో వివరంగా ఉంది. అంకె పాతబడింది, కారణం పాతబడలేదు.

కార్బురేటర్ ఆఖర్న

ఏ మంచి ట్యూనింగ్ పుస్తకం తీసినా ఒక వరుస ఉంటుంది. ముందు కంప్రెషన్ చూడు. తర్వాత ట్యాపెట్లు. తర్వాత ప్లగ్గులు, పాయింట్లు. తర్వాత టైమింగ్. ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే కార్బురేటర్ ముట్టుకో. ముందు వాటిలో తప్పు ఉంటే కార్బురేటర్‌తో దాన్ని కప్పిపుచ్చగలం గానీ సరిచేయలేం. తెనాలి గ్యారేజీలో జరిగింది సరిగ్గా ఇదే. పికప్ లేకపోవడానికి కారణం ఒకచోట ఉంది, స్క్రూ ఇంకోచోట తిరిగింది. ఐడిలింగ్‌లో పెట్రోల్ ఎక్కువైపోయి మీటరు 5కి ఎక్కింది.

మేస్త్రిగారికి నా మాట వినపడదు. అంకెల్ని ఫోన్‌లో పెద్ద అక్షరాల్లో టైప్ చేసి ఒక్కొక్కటీ చూపించాను. కంప్రెషన్ నాలుగు సిలిండర్లలోనూ దగ్గరదగ్గరగానే ఉంది. ‘బోరుకి రాలేదు’ అని వేళ్లతో సైగ చేశారు. ట్యాపెట్ల దగ్గర ఫిల్లర్ గేజ్ పెడితే రెండు ఎగ్జాస్ట్ వాల్వులకి రేకు దూరనేలేదు. డెల్కో మూత తీస్తే పాయింట్లు గుంటలు పడి ఉన్నాయి. పుస్తకం ప్రకారం 0.014 నుంచి 0.016 అంగుళం ఉండాలి, అందులో సగం కూడా లేదు. పాయింట్ల గ్యాప్ తగ్గితే టైమింగ్ వెనక్కి జరుగుతుంది. పికప్ పోయింది అక్కడ. అది తెలియక మొత్తం నేరం కార్బురేటర్ మీద వేశారు.

కొత్త పాయింట్లు వేసి, ట్యాపెట్లు పుస్తకం కొలతకి పెట్టి, టైమింగ్ సరిచేసి, పెట్రోల్ గొట్టాలు మార్చి, ఆఖర్న సోలెక్స్ విప్పి కడిగారు. ఇంజిన్ స్టార్ట్ చేశాక ఆయన రెండు అరచేతులూ రాకర్ కవర్ మీద పెట్టి కళ్లు మూసుకున్నారు. ఒక నిమిషం అలాగే ఉన్నారు.

“మూడోది ఇంకా కొంచెం వదులుగా ఉంది” అన్నారు.

గేజ్ పెట్టి చూశాం. సరిగ్గానే ఉంది. అయినా ఆయన చేయి తీయలేదు. మళ్లీ విప్పి చూస్తే రాకర్ మొన అరిగి గుంట పడింది. చదునైన గేజ్ రేకు ఆ గుంట మీదుగా దాటిపోతూ అసలు గ్యాప్‌ని తప్పు చూపిస్తోంది. ఈ సంగతి మంచి మాన్యువళ్లలో రాసే ఉంటుంది. మేం తెరిచిన రెండు పేజీల్లో మాత్రం లేదు, ఆయన చేతిలో ఉంది. రాకర్ మార్చాక కార్బురేటర్ స్క్రూ బిగిస్తూ వచ్చి, ఇంజిన్ తడబడే చోట ఆగి, అక్కణ్నుంచి కొంచెం వెనక్కి తిప్పారు. పొల్యూషన్ మీటరు రెండున్నర దగ్గర ఆగింది.

మీ ఇంట్లో ఉన్న బండికి

ఈ కిటుకు అంబాసిడర్‌కే కాదు. మీ తాతగారి ప్రీమియర్ పద్మిని పుస్తకం కావాలంటే ఫియట్ 1100 అని వెతకండి. స్టాండర్డ్ హెరాల్డ్‌కి ట్రయంఫ్ హెరాల్డ్. యెజ్డీకి జావా. పాత బజాజ్ చేతక్‌కి వెస్పా స్ప్రింట్. రాజ్‌దూత్ 350కి యమహా ఆర్డీ 350. మారుతి 800కి సుజుకి ఎఫ్8బీ ఇంజిన్. కారు పేరు షోరూమ్‌లో పెడతారు. ఇంజిన్ పేరు ఫౌండ్రీలో పడుతుంది, అదే ఎక్కువకాలం ఉంటుంది.

కొనే ముందు మూడు చూసుకోండి. సీసీ మీ బండిదేనా? కార్బురేటర్ అదేనా? స్పెసిఫికేషన్ పేజీలు ఉన్నాయా? ఈ మూడింట్లో ఒకటి తేడా వచ్చినా పుస్తకం చదువుకోవచ్చు, అంకెలు మాత్రం వాడొద్దు. ఎథనాల్ పెట్రోల్ పోస్తున్నారంటే గొట్టాల తేదీ కూడా రాసిపెట్టుకోండి.

ఇంకొక పని ఉంది, దీనికి పుస్తకం కూడా అక్కర్లేదు. మీ బండిని ఏళ్ల తరబడి చూస్తున్న మెకానిక్ ఉంటే ఒక పూట పక్కన కూర్చోండి. ఆయన ఏ గ్యాప్ పెడతాడో, ఎండాకాలం ఏం మారుస్తాడో, ఏ శబ్దానికి ఏం విప్పుతాడో అడిగి రాసుకోండి. పుస్తకం ప్రింట్ ఆగిపోతే ఎక్కడో అటక మీద ఒక కాపీ మిగులుతుంది. ఆయన దగ్గరున్నదానికి రెండో కాపీ లేదు.

మేం చేసింది అదే. కోవెంట్రీ పేజీని ప్రింట్ తీసి, పక్కన మేస్త్రిగారు పెట్టిన కొలతలు, ఈ20 అని, తేదీతో సహా రాశాం. మూడో రాకర్ సంగతి కూడా రాశాం. ల్యామినేషన్ చేయించి ఒకటి కారు డ్యాష్‌బోర్డ్ డబ్బాలో పెట్టాం. ఇంకొకటి మేస్త్రిగారి కొడుకు షెడ్డు గోడకి మేకు కొట్టి తగిలించుకున్నాడు. వచ్చే రెన్యువల్ 2030లో. అప్పటికి స్క్రూడ్రైవర్ ఎవరి చేతిలో ఉన్నా, ఆఖర్న ముట్టుకోవాల్సింది కార్బురేటర్ అని ఆ గోడ మీద తెలుగులో రాసి ఉంటుంది.